ఐదేళ్ల పాపకు ప్రైవేటు కోచ్ అవసరమా?

అమెరికాలోనూ కెనడాలోనూ స్థిరపడిన మన తెలుగు ముస్లిం కుటుంబాలకు వారాంతమంటే ఒకప్పుడు పిల్లల ఖుర్ఆన్ తరగతి, ఆ తరువాత వారానికి సరిపడా సరుకుల కొనుగోలు. ఇప్పుడు ఆ రెండింటి మధ్య ఐస్ రింకు కూడా వచ్చి చేరింది. ఆరు నెలలు చలిలో గడిపే పిల్లలకు ఇంటి బయట దొరికే ఆటలు తక్కువ. బడిలో తోటి పిల్లలు స్కేటింగ్‌కు వెళుతుంటారు. మనవాళ్లూ వెళ్లి, నాలుగు వారాలు గోడ పట్టుకుని నడిచి, ఐదో వారం గోడ వదిలేస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే కోచ్‌లలో ఎవరో ఒకరు తల్లిదండ్రుల దగ్గరికి వచ్చి, "మీ పాపకు చక్కని ప్రతిభ ఉంది, ప్రైవేటు పాఠాలు మొదలుపెడితే బాగుంటుంది" అంటారు.

ఆ మాట వినగానే తల్లి మనసు పొంగుతుంది. తండ్రి మనసులో లెక్కలు మొదలవుతాయి. హైదరాబాదులోనో కడపలోనో ఉన్న నానమ్మకు ఫోనులో చెబితే, "ఆడపిల్లకు మంచు మీద గంతులెందుకమ్మా, ఎముక విరిగితే?" అంటుంది. ముగ్గురి స్పందనలోనూ న్యాయముంది. ముగ్గురూ ఒకచోట కూర్చుని ఆలోచించటం మాత్రం అరుదుగా జరుగుతుంది. కోచ్ అన్న మాటలో అబద్ధమేమీ ఉండకపోవచ్చు. అయితే ఆ కోచ్ జీవనాధారం ప్రైవేటు పాఠాలే అన్నది కూడా నిజమే. కనుక ఆ మాటను సలహాగా గౌరవించాలే గాని తీర్పుగా స్వీకరించనక్కరలేదు.

ముందుగా అక్కడి బోధనా పద్ధతి ఎలా ఉంటుందో తెలుసుకోవటం మంచిది. అమెరికాలో చాలా రింకులు 'లెర్న్ టు స్కేట్ యూఎస్ఏ' పాఠ్యప్రణాళికను అనుసరిస్తాయి. అందులో ఆరేళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న చిన్నారులకు 'స్నోప్లౌ శామ్' అనే పేరుతో నాలుగు మెట్లు ఉన్నాయి. పడటం, లేవటం, నడవటం, రెండు పాదాలతో మంచును పక్కకు తోస్తూ ఆగటం అక్కడ నేర్పుతారు. ఆ తరువాత 'బేసిక్ స్కిల్స్' పేరుతో ఆరు మెట్లు. అవి దాటాకనే గిరికీలు, గంతులు గల 'ఫ్రీ స్కేట్' తరగతులు. కెనడాలో ఇదే పనిని 'కాన్‌స్కేట్' చేస్తుంది. అక్కడ ఐదో మెట్టు దాటేవరకు హెల్మెట్ తప్పనిసరి. అమెరికా రింకులలో ఆ కట్టుదిట్టం అంతటా కనబడదు. తలకు తగిలిన దెబ్బ ఏ దేశంలోనైనా దెబ్బే కనుక, ఈ విషయంలో కెనడా నిబంధననే మన ఇంటి నిబంధనగా చేసుకుంటే మేలు. తలపై స్కార్ఫ్ ఉన్నా దాని మీద హెల్మెట్ చక్కగా కూర్చుంటుంది. కాకపోతే స్కార్ఫ్ పలుచగా, ముడి లేకుండా ఉండాలి.

ఈ తరగతులన్నీ సామూహికమైనవే. ఒక కోచ్ ముందు ఆరుగురో పదిమందో పిల్లలు వరుసగా నిలబడతారు. అరగంట సేపు నవ్వుతారు, పడతారు, ఒకరినొకరు చూసి లేస్తారు. చిన్నపిల్లలకు ఇందులో దొరికేది ప్రైవేటు పాఠంలో దొరకదు. తనకంటే చిన్నదైన పిల్ల లేచి నిలబడటం చూసి తానూ లేచే పౌరుషం తోటిపిల్లల నడుమనే పుడుతుంది. నాలుగేళ్ల పిల్లను ఒంటరిగా ఒక పెద్దమనిషి ఎదుట నిలబెట్టి, అరగంట సేపు ఆమె చూపంతా నీ మీదే ఉంటుంది అంటే, అది ఆ వయసుకు మోయలేని బరువు. మూడు నాలుగేళ్ల పిల్లలకు ప్రైవేటు పాఠాలు చెప్పించేవారు లేకపోలేదు. డబ్బు మంచులో కరిగిపోవటం తప్ప దానివల్ల ఒనగూరేది స్వల్పమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మరి ప్రైవేటు పాఠం ఎప్పుడు పనికివస్తుంది? దీనికి సమాధానం వయసులో కన్నా పాదాలలో ఉంది. స్కేట్ బ్లేడు పైకి ఒకే పలకలా కనిపించినా, దాని అడుగున పొడవునా సన్నని గాడి ఉంటుంది. ఆ గాడికి ఇటొకటి, అటొకటి రెండు అంచులు. శరీరాన్ని కొద్దిగా లోపలికి వాల్చితే లోపలి అంచు మీద, బయటికి వాల్చితే బయటి అంచు మీద స్కేటర్ వంపుగా సాగిపోతారు. ఫిగర్ స్కేటింగ్ అనే విద్య మొత్తానికీ ఈ అంచులే అక్షరమాల. మలుపులన్నీ, గంతులన్నీ ఏదో ఒక అంచు మీద నుంచే పుడతాయి. ముందుకు జారటం, వెనక్కి జారటం, ఒంటికాలి మీద కాసేపు నిలవటం, చెప్పిన చోట ఆగటం, ఇవి వచ్చేవరకు సామూహిక తరగతి చాలు. అంచుల పాఠం మొదలయ్యాక మాత్రం పదిమందిలో ఎవరి చీలమండ ఎటు వాలుతున్నదో ఒక్క కోచ్ గమనించటం కష్టం. పిల్ల ఒకే మెట్టు మీద రెండు మూడు విడతలు ఆగిపోవటం అప్పుడే జరుగుతుంది. ఒక జత ప్రత్యేకమైన కళ్లు అవసరమయ్యే ఘట్టం అదే. మామూలుగా ఇది ఆరేడేళ్ల వయసులో వస్తుంది. ఎనిమిదికి వస్తే ఆలస్యమైనట్లు కాదు.

వయసుకు సంబంధించిన సూచనలు మరికొన్ని ఉన్నాయి. పిల్ల తల్లి కొంగు వదిలి, పరాయి మనిషి చెప్పిన రెండు మాటలు విని, వరుసగా రెండు పనులు చేయగలగాలి. పడితే ఏడుపు ఆపుకుని తనంతట తాను లేవాలి. బూటు తాడు బిగించేటప్పుడు ఏది వదులో ఏది నొప్పో చెప్పగలగాలి. అన్నింటికన్నా ముఖ్యమైనది, ఆమె అడగాలి. ఒకసారి కాదు, వారాల తరబడి అడగాలి. ఇంట్లో మేజోళ్లతో నున్నని నేల మీద జారుతూ, రింకులో నేర్చిన మలుపును తనకు తానే వేసి చూసుకునే పిల్ల అడుగుతున్నట్లే లెక్క. శనివారం ఉదయం కాగానే కడుపునొప్పి అనే పిల్ల కూడా ఏదో చెబుతున్నట్లే. ఆ కడుపునొప్పి అబద్ధమని కసురుకోకుండా, దాని అర్థమేమిటో నెమ్మదిగా కనుక్కోవాలి.

తొందరపడకపోతే అవకాశం చేజారిపోతుందన్న భయం ఈ ఆటలో ఎక్కువ. జపాన్‌కు చెందిన యుజురు హన్యు నాలుగేళ్ల వయసులో, అమెరికాకు చెందిన మిషెల్ క్వాన్ ఐదేళ్లకు మొదలుపెట్టారన్నది వాస్తవమే. అయితే వరుసగా 2004, 2005, 2006 సంవత్సరాలలో అమెరికా జాతీయ విజేతగా నిలిచిన జానీ వియర్ పన్నెండేళ్ల వయసులో గాని స్కేటింగ్ ఆరంభించలేదు. అది అరుదైన విషయమే. అందరికీ సాధ్యమని చెప్పటానికి కాదు, ఆరేళ్లు దాటితే తలుపు మూసుకుపోతుందన్న మాట నిజం కాదని చెప్పటానికే ఈ ఉదాహరణ. పైగా మన పిల్లల్లో నూటికి తొంభైతొమ్మిదిమంది ఒలింపిక్స్‌కు వెళ్లేవారు కారు. ఆరోగ్యంగా పెరిగి, ఒక విద్యను అందంగా నేర్చుకుని, దానివల్ల ఓర్పును అలవరచుకుంటే అంతకన్నా మనకు కావలసిందేముంది? ఆ ప్రయోజనానికి ఐదేళ్లయినా, తొమ్మిదేళ్లయినా పెద్ద తేడా లేదు.

చిన్న వయసులో శిఖరానికి చేరినవారి కథలు కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. 1998లో నగానో ఒలింపిక్స్‌లో 15 ఏళ్లకే స్వర్ణం గెలిచిన తారా లిపిన్‌స్కీకి, 18 ఏళ్లకే తుంటి శస్త్రచికిత్స జరిగింది. 2014లో సోచీలో రష్యా జట్టు స్వర్ణంలో భాగస్వామి అయిన యూలియా లిప్నిత్‌స్కాయా, అనోరెక్సియా అనే ఆహార రుగ్మతకు చికిత్స పొంది, 2017లో 19 ఏళ్లకే ఆట నుంచి తప్పుకున్నది. 2022 ఫిబ్రవరిలో బీజింగ్ ఒలింపిక్స్‌లో 15 ఏళ్ల రష్యా బాలిక ఒకరు డోపింగ్ వివాదం నడుమ మంచు మీద పదేపదే పడిపోయి కన్నీరుమున్నీరవటం ప్రపంచమంతా చూసింది. అదే ఏడాది జూన్‌లో అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం పెద్దల విభాగంలో పోటీకి కనీస వయసును 15 నుంచి అంచెలంచెలుగా 17కు పెంచింది. అంటే, పరుగెత్తి వెళ్లి చేరవలసిన గమ్యాన్నే ఆ క్రీడా పెద్దలు రెండేళ్లు వెనక్కి జరిపారు. ఐదేళ్ల పిల్ల విషయంలో కంగారుపడేవారికి ఇది గుర్తుండాలి.

వైద్యుల మాట కూడా ఇదే దారిలో ఉంది. అమెరికా శిశువైద్యుల అకాడమీ 2016లో ప్రకటించిన నివేదికలో, పిల్లలు ఒకే ఆటకు పూర్తిగా అంకితం కావటాన్ని సాధారణంగా 15, 16 ఏళ్ల వరకు వాయిదా వేయాలని సూచించింది. వారానికి కనీసం ఒకటి రెండు రోజులు ఆ ఆటకు విరామం ఇవ్వాలని, ఏడాదిలో మూడు నెలలు, నెలకొకటి చొప్పున విడదీసి అయినా సరే, దాని నుంచి దూరంగా ఉంచాలని కూడా చెప్పింది. ఫిగర్ స్కేటింగ్ వంటి ఆటల్లో శిఖర వయసు త్వరగా వస్తుంది కనుక ఈ లెక్క అక్షరాలా అమలు కాకపోవచ్చు. విరామం సంగతి మాత్రం ఏ ఆటకైనా వర్తిస్తుంది. వారానికి పిల్ల సాధన చేసే గంటలు ఆమె వయసు సంఖ్యను మించితే గాయాలు పెరుగుతాయని గమనించిన క్రీడావైద్యులు ఉన్నారు. గుర్తుంచుకోవటానికి తేలికైన కొలమానం అది. ఏడేళ్ల పిల్లకు వారానికి ఏడు గంటలు పైపరిమితి. మొదలుపెట్టేవారికి అందులో మూడో వంతు చాలు.

ఎముకల చివర పెరుగుదల జరిగే చోటు ఎదిగే పిల్లల్లో మెత్తగా ఉంటుంది. గంతు వేసి ఒంటికాలి మీద దిగినప్పుడు ఆ కాలిపై శరీర బరువుకు అనేక రెట్లు ఒత్తిడి పడుతుంది. చిన్న పాప చిన్న గంతు వేస్తే భయమేమీ లేదు. ఒకే గంతును రోజుకు నలభైసార్లు వేయించే కోచ్ దగ్గర మాత్రం భయపడాలి. నానమ్మ అడిగిన ప్రశ్నకు అసలు సమాధానం ఇదే. ఎముక విరగటం కన్నా, రోజూ కొంచెం కొంచెంగా అరిగిపోవటమే ఈ ఆటలో పెద్ద ప్రమాదం.

ఖర్చు సంగతి

ప్రైవేటు పాఠం అనగానే కోచ్‌కు చెల్లించేదే ఖర్చు అనుకుంటారు. రింకులో మంచుకు విడిగా, కోచ్‌కు విడిగా చెల్లించవలసి ఉంటుందన్నది చాలామందికి మొదటి రసీదు వచ్చాక గాని తెలియదు. అరగంట ప్రైవేటు పాఠం ధర సామూహిక తరగతిలో ఒక సీటు ధరకు కొన్ని రెట్లు ఉంటుంది. బూట్లు, బ్లేడుకు పదును, పరీక్ష రుసుములు, పోటీకి దుస్తులు, పోటీ రోజున వెంట వచ్చే కోచ్ పారితోషికం ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. పోటీల స్థాయికి వెళ్లిన కుటుంబాలు ఏటా వేల డాలర్లు వెచ్చిస్తాయి. ఇల్లు అమ్ముకున్నవారు, రెండు ఉద్యోగాలు చేసినవారు ఆ లోకంలో కొత్తేమీ కాదు.

బూట్ల విషయంలో మన అలవాటు ఒకటి చెప్పుకోవాలి. ఎదిగే పిల్ల కదా అని బడి యూనిఫాం ఒక సైజు పెద్దది కొని మడత వేసి కుట్టించటం మనకు తరతరాల విద్య. స్కేట్‌లకు అది పనికిరాదు. బూటు వదులైతే చీలమండ అటూ ఇటూ ఊగి అంచు నిలవదు, పాదం లోపలే జారి పుండ్లు పడతాయి. మరీ గట్టి బూటు కొన్నా ఇబ్బందే. తేలికపాటి పిల్ల బరువుకు గట్టి తోలు వంగదు, మోకాలు వంచటమే రాదు. చిన్నపిల్లలు బూట్లు అరగదీసే లోపే పాదం పెరిగిపోతుంది కనుక, ఒకరు వాడి విడిచిన మంచి బూట్లు దొరికితే నిక్షేపంగా కొనవచ్చు. పొదుపు చేయదలచుకున్నవారికి అదే సరైన చోటు. రింకులో అద్దెకిచ్చే మొద్దు బ్లేడు స్కేట్‌లతో ప్రైవేటు పాఠాలు చెప్పించటం, అరిగిన సుద్దముక్కతో అక్షరాలు దిద్దించటం వంటిది. పాఠం కన్నా ముందు బూట్లు కొనాలి.

బూట్ల తరువాత కొనవలసింది కూడా పాఠం కాదు, సాధన సమయం. వారానికి ఒక అరగంట పాఠం విని, మిగతా వారమంతా మంచు మొహం చూడని పిల్ల, మరుసటి వారం అదే పాఠం మళ్లీ వింటుంది. ఒక పాఠానికి కనీసం ఒకటి రెండుసార్లు సాధారణ ప్రజల సమయంలో వెళ్లి తనంతట తాను జారితేనే కోచ్ చెప్పినది పాదాలకు ఎక్కుతుంది. కుటుంబానికి అంత సమయం లేనప్పుడు ప్రైవేటు పాఠం వాయిదా వేయటమే సబబు. సమయం ఉన్నవారు కూడా ఐదారేళ్ల పిల్లకు అరగంట తీసుకోనవసరం లేదు. చాలామంది కోచ్‌లు పదిహేను, ఇరవై నిమిషాల పాఠాలు చెబుతారు. ఒకే స్థాయి పిల్లలిద్దరు కలిసి ఒక పాఠం పంచుకునే పద్ధతీ ఉంది. ఖర్చు సగమవుతుంది, తోడు దొరుకుతుంది.

ఇంట్లో ఇంకొక బిడ్డ ఉంటే ఈ లెక్కలో ఆ బిడ్డ కూడా ఉండాలి. ఒకరి స్కేటింగ్ కోసం వారాంతాలన్నీ ఖర్చయిపోయి, అన్నయ్య ప్రతి శనివారం రింకు బెంచీ మీద చలిలో కూర్చుని ఫోను చూసుకుంటూ పెరిగే ఇళ్లు ఉన్నాయి. తన సంతానంలో ఒకరికి మాత్రమే కానుక ఇచ్చి దానికి సాక్షిగా ఉండమని కోరిన తండ్రితో దైవప్రవక్త ముహమ్మద్ (స), మిగతా పిల్లలకూ అలాగే ఇచ్చావా అని విచారించి, సాక్ష్యానికి నిరాకరించిన సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాలలో నమోదై ఉంది. డాలర్లు సమానంగా పంచమని దీని భావం కాకపోవచ్చు. ప్రతి బిడ్డకూ తనదైన ఒక వేళ, తనదైన ఒక ఆసక్తి ఇంట్లో గుర్తింపు పొందాలన్నది మాత్రం ఇందులో స్పష్టంగానే ఉంది.

ఐదేళ్లకు మొదలుపెట్టి పన్నెండేళ్లకు ఆపించటం

మన కుటుంబాలకు సంబంధించినంతవరకు అసలు ప్రశ్న ఇక్కడ ఉంది. ఐదేళ్ల పాప లెగ్గింగ్స్ వేసుకుని మంచు మీద తిరిగితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఏడేళ్లు గడుస్తాయి. ఈలోగా ఆమె రెండు వందల ఉదయాలు చలిలో లేచి ఉంటుంది. గంతు ఒకటి నేర్వటానికి ఏడాది పట్టి ఉంటుంది. స్నేహితులంతా అక్కడే ఉంటారు. అప్పుడు పన్నెండో ఏట, "ఇక పెద్దదానివయ్యావు, ఆ దుస్తులు, ఆ సంగీతం, అందరి ముందు ప్రదర్శన మనకు తగవు, ఆపేసెయ్యి" అంటే, ఆ పిల్ల మనసు ఎలా ఉంటుంది? ఆమె దృష్టిలో మారింది తాను కాదు, తల్లిదండ్రులే. ధర్మం పట్ల ప్రేమ పెరగవలసిన వయసులో, తన ప్రియమైన వస్తువును లాక్కున్నదిగా ధర్మం ఆమెకు కనబడితే ఆ నష్టం ఏ పతకంతోనూ పూడదు.

కనుక మొదటి ప్రైవేటు పాఠానికి డబ్బు చెల్లించే ముందే దంపతులిద్దరూ కూర్చుని, పన్నెండో ఏడు గురించి మాట్లాడుకోవాలి. ఎంతవరకు మనకు సమ్మతం? ఏది కాదు? కుటుంబానికీ కుటుంబానికీ ఈ గీత వేరువేరు చోట్ల పడుతుంది. పండితుల అభిప్రాయాలలోనూ భేదాలున్నాయి. ఆ గీత ఎక్కడ గీయాలో చెప్పటం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. గీత ముందే గీసి, పిల్ల అర్థం చేసుకోగల వయసు రాగానే ఆమెకు తెలియజేయాలన్నదే ఇక్కడి విన్నపం. గీత ఏమిటో మొదటి రోజునే కోచ్‌కు కూడా చెప్పాలి. చెప్పిన తరువాత గౌరవించే కోచ్‌లు చాలామంది ఉంటారు. చెప్పకుండా, పోటీకి వారం ముందు దుస్తుల దగ్గర పేచీ పెడితే తప్పు వారిది కాదు.

ఈ గీతకు లోబడి నడవటానికి దారులు లేవని అనుకోవద్దు. ఒకప్పుడు మహిళల పోటీలలో స్కర్టు తప్పనిసరిగా ఉండేది. 2004 నుంచి పొడవాటి పాంటు ధరించటానికి అంతర్జాతీయ నిబంధనలు అనుమతిస్తున్నాయి. అమెరికాలో అంచులు, మలుపులు మాత్రమే చూపే పరీక్షలు అంచెలంచెలుగా ఉన్నాయి. అందులో సంగీతం ఉండదు, గంతులుండవు, పోటీ ఉండదు. కొద్దిమంది పరీక్షకుల ఎదుట నైపుణ్యం చూపితే చాలు. ప్రదర్శన వద్దనుకునే కుటుంబంలోని పిల్ల ఏళ్ల తరబడి ఆ మెట్లు ఎక్కుతూ, మంచు మీద తన విద్యను కొనసాగించవచ్చు. చాలా రింకులలో మహిళా కోచ్‌లు సులువుగానే లభిస్తారు.

అబూధాబీకి చెందిన జహ్రా లారీ జీవితాన్ని ఈ సందర్భంలో తెలుసుకోవటం ఉపయోగకరం. 1995లో జన్మించిన ఆమె, పది పన్నెండేళ్ల మధ్య ఒక సినిమా చూసి స్కేటింగ్ పట్ల ఆకర్షితురాలయింది. అంటే మన లెక్కలో చాలా ఆలస్యంగా. అబూధాబీలోని జాయెద్ స్పోర్ట్స్ సిటీ రింకులో, బడి వేళకు ముందు, తరువాత సాధన చేసింది. ఎమిరేట్స్ సంప్రదాయంలో పెరిగిన తండ్రి మొదట సంశయించాడు. పోటీకి వద్దన్నాడు. తోటి పిల్లలు పోటీ పడుతుంటే ఆమె ప్రేక్షకుల వరుసలో కూర్చుని వారిని ఉత్సాహపరచటం చూసిన మీదట మనసు మార్చుకున్నాడని ఆమె స్వయంగా అనేకసార్లు చెప్పుకున్నది. 2012లో ఇటలీలోని కనాజేలో జరిగిన యూరోపియన్ కప్‌లో ఆమె హిజాబ్ ధరించి పాల్గొన్నది. అంతర్జాతీయ ఫిగర్ స్కేటింగ్ పోటీలో హిజాబ్‌తో బరిలో దిగిన తొలి క్రీడాకారిణి ఆమే. తలపై వస్త్రం ఉన్నందుకు న్యాయనిర్ణేతలు మార్కు తగ్గించారు. ఆమె, ఆమె దేశ క్రీడాసంఘం ఆ విషయాన్ని అంతర్జాతీయ సంఘం దృష్టికి తీసుకువెళ్లటంతో, ఆ తరువాత ఆ కోత రద్దయింది. 2017లో సప్పోరోలో జరిగిన ఆసియా శీతాకాల క్రీడలలోనూ ఆమె తన దేశం తరఫున పాల్గొన్నది.

ఆమె ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేకపోయింది. త్రిబుల్ గంతులన్నీ వేయగల స్థాయికి ఆలస్యంగా ఆరంభించినవారు చేరటం కష్టమే. ఆ సంగతి దాచవలసిన అవసరం లేదు. అయినా ఆ తండ్రికూతుళ్ల మధ్య జరిగిన సంభాషణ, వేళకు జరిగిన సంభాషణ. పిల్ల ఇష్టం, తండ్రి సంకోచం రెండూ బాహాటంగా బల్ల మీదకు వచ్చాయి. దుబాయిలోనూ అబూధాబీలోనూ నివసించే మన తెలుగువారు దుబాయ్ మాల్‌లోని ఐస్ రింకును చూసే ఉంటారు. ఎడారి నడుమ ఆ మంచు మీద స్కార్ఫ్ ధరించిన బాలికలు ఇప్పుడు ఎవరికీ వింతగా తోచరు.

అన్నట్లు, ఆడపిల్లకు ఆటలెందుకనే పెద్దలకు ఒక విషయం మృదువుగా గుర్తు చేయవచ్చు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేసిన సంగతి, ఒకసారి ఆమె, తరువాత ఒకసారి ఆయన గెలిచిన సంగతి అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉన్నది.

స్వదేశంలో ఉన్న పాఠకులకు మంచు అందుబాటులో లేకపోయినా ఈ ప్రశ్న దూరమైనది కాదు. హైదరాబాదులోనూ విశాఖలోనూ పిల్లలు చక్రాల స్కేట్‌లు కట్టుకుని కోచ్‌ల దగ్గరికి వెళుతూనే ఉన్నారు. ఫిగర్ స్కేటింగ్‌కు సోదర విద్య అయిన ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో రెండు కాంస్య పతకాలు సాధించాడు. తారా లిపిన్‌స్కీ కూడా మంచు మీద కాలు పెట్టకముందు మూడేళ్ల వయసులో చక్రాల మీదే నేర్చింది. సమతూకం, పడటం, లేవటం రెండింటికీ ఒకటే. వేసవి సెలవుల్లో తాతగారింటికి వచ్చిన అమెరికా మనుమరాలికి ఇక్కడి రోలర్ రింకు చక్కని విరామం కూడా.

కోచ్‌ను ఎంచుకునేటప్పుడు

ఇవన్నీ ఆలోచించి, ఇక మొదలుపెట్టవచ్చునని తేలితే, ఏడాదికి ఒప్పుకోకుండా నాలుగు పాఠాలకు మాత్రమే ఒప్పుకోండి. కోచ్ పాత పతకాలను చూసి మోసపోవద్దు. ఆ కోచ్ మరో చిన్నపిల్లకు పాఠం చెబుతుండగా బెంచీ మీద కూర్చుని ఒక పావుగంట గమనించండి. పిల్ల పడినప్పుడు ఆమె మోకాళ్ల మీద కూర్చుని మాట్లాడుతుందా, దూరం నుంచి కేక వేస్తుందా? తప్పు ఒకటి చెప్పి ఆగుతుందా, ఐదు ఒకేసారి చెబుతుందా? పిల్ల శరీరం గురించి, బరువు గురించి ఒక్క మాట తూలినా అక్కడి నుంచి లేచి రండి.

అమెరికాలో 2017 నుంచి 'సేఫ్‌స్పోర్ట్' అనే కేంద్రం పనిచేస్తున్నది. దాని నిబంధనల ప్రకారం మైనరు పిల్లలకు చెప్పే ఏకాంత పాఠం ఇతరులు చూడగలిగేలా, కావాలంటే మధ్యలో ఆపగలిగేలా ఉండాలి. తల్లిదండ్రులు కూర్చుని చూడటానికి అభ్యంతరం చెప్పే కోచ్ ఎంత పేరున్నవారైనా మనకు వద్దు. ఫోనులో కోచ్ పిల్లకు విడిగా సందేశాలు పంపటం కూడా వద్దు. ఏ సందేశమైనా తల్లికీ తండ్రికీ చేరాలి.

మొదటి కోచ్ నచ్చకపోతే మార్చటం తప్పేమీ కాదు. అయితే చెప్పాపెట్టకుండా వేరొకరి దగ్గర చేరటం ఆ వృత్తిలో మర్యాద కాదు. పాత బాకీ తీర్చి, ఒక మంచి మాట చెప్పి మారాలి. నాలుగు పాఠాలయ్యాక పిల్లను కారులో కాదు, తీరిగ్గా అన్నం తినేటప్పుడు అడగండి. ఆమె సమాధానం "ఊఁ" అని మాత్రమే వస్తే ఇంకో నెల సామూహిక తరగతిలోనే ఉంచవచ్చు.

ఇక వేళ విషయం. బడి అయ్యాక సాయంత్రపు పాఠాలకే గిరాకీ ఎక్కువ. డిసెంబరులో టొరంటో వంటి నగరాల్లో సాయంత్రం ఐదు గంటలలోపే సూర్యుడు అస్తమిస్తాడు. అంటే అస్ర్, మగ్రిబ్ రెండూ పాఠం చుట్టూనే వస్తాయి. వేళలు ఖాయం చేసుకునేటప్పుడే నమాజు సమయాల పట్టిక దగ్గర పెట్టుకుని మాట్లాడండి. పిల్లల పుట్టినరోజు వేడుకలకు అద్దెకిచ్చే గది చాలా రింకులలో ఉంటుంది, పనిదినాల్లో అది ఖాళీగానే ఉంటుంది. అడిగితే సాధారణంగా తాళం ఇస్తారు.